ఆకలి కలిపిన రుచులు

కొరియన్ ఫ్యూజన్ అని బోర్డు పెట్టుకున్న చిన్న హోటల్ ఏ ఊళ్లో ఉన్నా, మెనూలో కొన్ని వంటకాలు దాదాపు ఖాయం. చీజ్ వేసిన కిమ్చీ ఫ్రైడ్ రైస్, బుల్గోగీ మాంసం పెట్టిన టాకో, నల్లటి సాస్ కలిపిన నూడుల్స్, బల్ల మీదే పొయ్యి పెట్టి ఉడికించే ‘ఆర్మీ స్ట్యూ’. ఇవన్నీ ఈమధ్య ఎవరో కుర్ర షెఫ్ సరదాపడి చేసిన ప్రయోగాలని చాలామంది అనుకుంటారు. టాకో విషయంలో ఆ మాట కొంతవరకు నిజమే. మిగతా వాటి సంగతి వేరు. నల్ల నూడుల్స్ చరిత్ర వందేళ్లు దాటింది. ఆర్మీ స్ట్యూ యుద్ధం మిగిల్చిన కరువులో పుట్టింది. వీటిని కలిపింది షెఫ్‌ల చాతుర్యం కాదు. ఓడరేవులు, సైనిక శిబిరాలు, సర్కారు ఆంక్షలు, వాటి మధ్య బతుకు ఈడ్చిన చిన్న చిన్న పూటకూళ్ల ఇళ్లు.

అసలు కొరియా వంటకు ఎరుపు ఇచ్చిన మిరపకాయే పరాయిది. అమెరికా ఖండాల్లో పుట్టిన ఈ కాయ పోర్చుగీసు ఓడలెక్కి మన తీరానికి చేరిన 16వ శతాబ్దంలోనే, ఆ చివరి దశాబ్దాల్లో జపాన్ మీదుగా కొరియాకూ వెళ్లిందని ఎక్కువమంది చరిత్రకారుల మాట. 1614లో యి సు-గ్వాంగ్ అనే పండితుడు ‘జిబోంగ్ యుసోల్’ అనే గ్రంథంలో దీన్ని ప్రస్తావించాడు. అది జపాన్ నుంచి వచ్చిందనీ, విషపూరితమనీ, సారా దుకాణాల వాళ్లు ఘాటు కోసం దీన్ని సారాలో కలిపి అమ్ముతుంటే తాగినవాళ్లలో చాలామంది చచ్చిపోయారనీ రాశాడు. గుంటూరు వాళ్లు ఈ మాట వింటే నవ్వుతారు గానీ, మిరపకాయ పులియబెట్టిన తమ కూరగాయల పచ్చడి కిమ్చీలోకి స్థిరంగా చేరడానికి కొరియన్లకు ఇంకో వందేళ్లకు పైగా పట్టింది.

నల్ల నూడుల్స్ కథ ఇంచోన్ రేవులో మొదలవుతుంది. 1883లో ఆ రేవును విదేశీ వ్యాపారానికి తెరిచారు. మరుసటి ఏడాదే అక్కడ చైనా వాళ్ల పేట వెలిసింది. సముద్రానికి అవతల ఎదురుగా ఉన్న షాన్‌డాంగ్ రాష్ట్రం నుంచి వర్తకులు, వాళ్ల వెనకే కూలీలు దిగారు. మూటలు మోసేవాడికి చవగ్గా, తొందరగా కడుపు నింపేది కావాలి. ఉడికించిన నూడుల్స్ మీద వేయించిన ఉప్పటి సోయా ముద్ద ఓ గరిటెడు వేసి కలుపుకు తినడం షాన్‌డాంగ్ వాళ్లకు ఇంట్లో అలవాటే. రేవులోనూ అదే అమ్మారు. ఆ పేటలో యు షిగ్వాంగ్ అనే షాన్‌డాంగ్ మనిషి నడిపిన సత్రం లాంటి హోటల్‌కు, 1912లో చైనాలో రాజరికం పోయి గణతంత్రం వచ్చిన సంబరంలో ‘గొంగ్‌వాచున్’ అని కొత్త పేరు పెట్టారు. కొరియన్లు జజాంగ్‌మ్యోన్ అని పిలుచుకునే ఈ వంటకానికి పుట్టిల్లుగా ఇప్పుడు ఆ హోటల్‌నే చూపిస్తారు. 1980లలో అది మూతపడింది. 2012లో ఆ భవనాన్నే జజాంగ్‌మ్యోన్ మ్యూజియం చేశారు.

కానీ ఇవాళ కొరియాలో దొరికే జజాంగ్‌మ్యోన్‌ను చైనాకు తీసుకెళ్తే, మన చికెన్ మంచూరియాను మంచూరియాకు తీసుకెళ్లినట్టే ఉంటుంది. దాని రంగు, తీపి కొరియాలోనే వచ్చాయి. 1948లో వాంగ్ సొంగ్-సన్ అనే చైనా సంతతి వ్యాపారి సోయా ముద్దలో కారమెల్ కలిపి, నల్లగా నిగనిగలాడేలా చేసి ‘సింహం’ మార్కుతో అమ్మడం మొదలుపెట్టాడు. దానికి బోలెడంత ఉల్లిపాయ, పంది మాంసం ముక్కలు, చిక్కదనానికి కాస్త పిండి నీళ్లు తోడయ్యాయి. పక్కన నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ, పసుపుపచ్చటి ముల్లంగి ఊరగాయ పెడతారు. ఆ ముల్లంగి జపాన్ వాళ్లు కొరియాను ఏలిన 35 ఏళ్లలో అలవాటైనది. ఇలా చైనా నూడుల్స్, జపాన్ ఊరగాయ, కొరియా నాలుక ఒకే బల్ల మీద చేరాయి. దాన్ని అప్పట్లో ఎవరూ ఫ్యూజన్ అనలేదు. పిల్లవాడు బడి చదువు ముగించిన రోజున, ఇల్లు మారిన రోజున తినే తిండి అన్నారు. స్టీలు పెట్టెలో పింగాణీ గిన్నెలు సర్ది మోటార్‌సైకిల్ మీద ఇంటికి తెచ్చిచ్చేవాళ్లు. తిన్నాక ఖాళీ గిన్నెలు గుమ్మం బయట పెడితే వాళ్లే వచ్చి పట్టుకెళ్లేవాళ్లు.

ఆ వంటకం దేశమంతా పాకడానికి రుచి ఒక్కటే కారణం కాదు. 1950-53 యుద్ధం తర్వాత దక్షిణ కొరియాలో బియ్యం చాలేవి కావు. అమెరికా నుంచి సాయంగా గోధుమలు దిగాయి. మన దగ్గర పాతతరం వాళ్లకు ‘పీఎల్-480 గోధుమలు’ అంటే ఇప్పటికీ గుర్తే. అదే అమెరికా చట్టం కింద కొరియాకూ అవే వెళ్లాయి. బియ్యం తినే జనానికి గోధుమ అలవాటు చేయడం అంత తేలిక కాదు కనుక, 1961లో సైనిక కుట్రతో గద్దెనెక్కిన పార్క్ చుంగ్-హీ ప్రభుత్వం దాన్ని ఓ ఉద్యమంగా నడిపింది. బియ్యంలో ఇతర గింజలు కలుపుకోండి, పిండి వంటలు తినండి అని ప్రచారం. బడిలో టీచర్లు పిల్లల క్యారేజీల మూతలు తీయించి, అన్నంలో బార్లీ కలిసిందో లేదో చూసేవాళ్లు. 1969 నుంచి బుధ, శనివారాల్లో పగటి పూట హోటళ్లలో అన్నం అమ్మకూడదని ఆంక్ష పెట్టారు. బియ్యం దిగుబడి పెరిగి, 1977 ప్రాంతంలో గానీ ఈ పట్టు సడలలేదు.

అన్నం అమ్మకూడని రోజున హోటల్ వాడు ఏం అమ్ముతాడు? జజాంగ్‌మ్యోన్ అమ్మాడు. నూడుల్స్, గోధుమ పిండితో చేసిన చిరుతిళ్లు అమ్మాడు. 1963 సెప్టెంబరులో సమ్‌యాంగ్ సంస్థ జపాన్ నుంచి యంత్రాలు, పద్ధతి తెచ్చుకుని కొరియాలో తొలి ఇన్‌స్టంట్ నూడుల్స్ ప్యాకెట్‌ను 10 వోన్లకు అమ్మకానికి పెట్టింది. ఆ సంస్థ స్థాపకుడు జోన్ జుంగ్-యున్‌కు ఈ ఆలోచన రావడం వెనక ఒక సంగతి ఎప్పుడూ చెబుతుంటారు. సియోల్‌లోని నమ్‌దేమున్ బజారులో జనం బారులు తీరి కొనుక్కుంటున్న ఒక జావను ఆయన చూశాడట. అమెరికన్ శిబిరాల భోజనశాలల్లో మిగిలిపోయినవీ, పారేసినవీ ఏరి తెచ్చి పెద్ద డేగిశాలో కాచిన జావ అది. జనం దానికి పెట్టుకున్న పేరు ‘పందుల గంజి’. అదృష్టం బాగుంటే అందులో మాంసం ముక్క తగిలేది, లేకపోతే సిగరెట్ పీక.

ఆర్మీ స్ట్యూకు తాత ఈ జావే. కొరియాలో దాన్ని బుదే జిగే అంటారు.

సియోల్‌కు ఉత్తరాన ఉయిజోంగ్‌బు అనే ఊరుంది. యుద్ధం ఆగాక అమెరికన్ సైన్యం అక్కడే పాతుకుపోయింది. చుట్టూ శిబిరాలు, వాటిలో ఒకటి క్యాంప్ రెడ్‌క్లౌడ్. శిబిరం లోపల స్పామ్ అనే పంది మాంసం డబ్బాలు, సాసేజ్‌లు, బేకన్, టమాటాలో ఉడికిన చిక్కుడు గింజల డబ్బాలు. శిబిరం బయట మాంసం మొహం చూడని ఇళ్లు. రెండింటి మధ్య ఉన్నదల్లా ఒక గేటు. లోపల పనిచేసే స్థానికుల చేతుల మీదుగా సరుకు బయటికి వచ్చేది. అది దొంగ సరుకు. అమ్మినా, కొన్నా నేరమే.

1960లో హో గి-సుక్ అనే ఆవిడ ఆ ఊళ్లో ఓ చిన్న తోపుడుబండిలాంటి కొట్టు పెట్టింది. అమ్మేది ఒదేంగ్, అంటే చేప ముద్దను పుల్లకు గుచ్చి పులుసులో ఉడికించేది. శిబిరంలో పనిచేసే ఖాతాదార్లు కొందరు హామ్, సాసేజ్ తెచ్చి, వీటితో ఏమైనా చేసిపెట్టమని అడిగారు. మొదట్లో ఆవిడ వాటిని కిమ్చీతో కలిపి వేయించి, మందు తాగేవాళ్లకు నంజుడుగా పెట్టింది. ఆ తర్వాత వాళ్లే, అన్నంలోకి పులుసులా ఉంటే బాగుంటుంది కదా అన్నారు. నీళ్లు పోసింది, కారం ముద్ద వేసింది, పులిసిన కిమ్చీ వేసింది. అంతే. కస్టమ్స్ వాళ్లు వచ్చి సోదా చేసి సరుకు పట్టుకుపోవడం ఆ రోజుల్లో ఆ వీధికి మామూలు సంగతి. కొట్టు మీద మాత్రం చివరిదాకా ‘ఒదేంగ్ సిక్‌దాంగ్’, అంటే చేపముద్దల హోటల్ అనే పేరే ఉండిపోయింది. ఆవిడ 2014లో కన్నుమూసే నాటికి ఆ హోటల్ ముందు క్యూలు మామూలైపోయాయి, చుట్టూ అదే వంటకం అమ్మే హోటళ్లతో ఒక వీధే తయారైంది. 1998లో నగరపాలక సంస్థ ఆ వీధికి అధికారికంగా గుర్తింపు ఇచ్చింది. ఒకప్పుడు సోదాలు చేయించిన సర్కారే ఆ తర్వాత స్వాగత తోరణం కట్టించిందన్నమాట.

ఈ వంటకం బల్ల మీదికి ఎలా వస్తుందో చూస్తే దాని చరిత్ర కళ్లకు కడుతుంది. వెడల్పాటి, లోతు తక్కువ పెనం. అందులో ఒక పక్క పలకలుగా కోసిన స్పామ్, ఒక పక్క ఏటవాలుగా తరిగిన సాసేజ్, కాస్త మాంసం కీమా. మరో పక్క బాగా పులిసిన కిమ్చీ, టోఫు, ఉల్లికాడలు. మధ్యలో చెంచాడు మిరప ముద్ద, దాని పక్కనే డబ్బా చిక్కుడు గింజలు. పైన పలచటి పులుసు నీళ్లు పోసి మూత పెడతారు. ఆత్రపడి మూత తీయబోతే హోటల్ ఆవిడ గదమాయిస్తుంది. తెర్లాక ఇన్‌స్టంట్ నూడుల్స్ పలకను విరిచి వేస్తారు. అది మెత్తబడగానే ముందు నూడుల్స్ తినేయాలి, ఆలస్యమైతే పులుసంతా పీల్చేస్తుంది. స్పామ్ ఉప్పూ కొవ్వూ, కిమ్చీ పులుపూ ఒకదాన్నొకటి సరిచేస్తాయి. ఉయిజోంగ్‌బు పద్ధతిలో పులుసు తేటగా ఉంటుంది. సియోల్‌కు దక్షిణాన అమెరికన్ వైమానిక స్థావరం పక్కనున్న సోంగ్తాన్‌లో పైన చీజ్ పలక వేసి చిక్కగా చేస్తారు. ఏది గొప్ప అని అడిగితే చేపల పులుసు మీద గోదావరి వాళ్లకూ నెల్లూరు వాళ్లకూ సాగేంత వాదన సాగుతుంది.

1966లో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సియోల్ వచ్చి వెళ్లాక, అదే కోవకు చెందిన ఒక పులుసుకు ‘జాన్సన్ తాంగ్’ అనే పేరూ స్థిరపడింది. సియోల్‌లోని ఇతెవోన్ దగ్గర ఓ పాత హోటల్‌లో ఇప్పటికీ ఆ పేరుతోనే వడ్డిస్తారు. 1987లో స్పామ్ కొరియాలోనే తయారవడం మొదలైంది. దొంగచాటు సరుకు హోదా గల సరుకైంది. ఇప్పుడు చుసోక్ పండక్కి బంధువులకు, పై అధికారులకు స్పామ్ డబ్బాలు పేర్చిన గిఫ్టు పెట్టెలు పంపుకుంటారు. అమెరికన్లు చూసి ఆశ్చర్యపోతారు. వాళ్ల దేశంలో అది చవక తిండి.

ఇదే ఆట సముద్రం దాటి ఇంకోసారి జరిగింది. 1965లో అమెరికా వలస చట్టం మారాక వేలాది కొరియన్ కుటుంబాలు లాస్ ఏంజిలిస్ చేరాయి. అక్కడి కొరియాటౌన్ పేరుకే కొరియన్లది. నివాసుల్లో సగానికి పైగా మెక్సికో, మధ్య అమెరికా నుంచి వచ్చినవాళ్లు. కొరియన్ హోటళ్ల వంటిళ్లలో గిన్నెలు తోమేది, మాంసం కోసేది చాలావరకు వాళ్లే. రెండు వంటలు కలవడానికి ఇంతకంటే ఏం కావాలి? అయినా కలయికకు ఓ పేరు రావడానికి 2008 నవంబరు దాకా ఆగాల్సి వచ్చింది. ఆర్థిక మాంద్యం నడుస్తోంది. మార్క్ మంగెరా అనే ఫిలిప్పినో అమెరికన్‌కు, కొరియన్ పద్ధతిలో కాల్చిన మాంసాన్ని మెక్సికన్ టాకోలో పెడితే ఎలా ఉంటుందన్న ఊహ తట్టింది. సియోల్‌లో పుట్టి లాస్ ఏంజిలిస్ చుట్టుపక్కల పెరిగిన రాయ్ చోయ్ అప్పటికి ఉద్యోగం పోయి ఖాళీగా ఉన్న హోటల్ షెఫ్. ఇద్దరూ కలిసి ‘కోగి’ అనే ట్రక్కు దించారు. మొక్కజొన్న రొట్టెలో తీపి కారం పట్టించిన ఎముక మాంసం, పైన కొత్తిమీర, ఉల్లిపాయ, నిమ్మ. ధర 2 డాలర్లు. బండి ఈ రాత్రి ఏ సందులో ఆగుతుందో ట్విట్టర్‌లో పెట్టేవాళ్లు. జనం వందల్లో వచ్చి నిలబడేవాళ్లు. 2010లో ‘ఫుడ్ అండ్ వైన్’ పత్రిక చోయ్‌ను ఆ ఏటి ఉత్తమ కొత్త షెఫ్‌లలో ఒకరిగా ఎంచింది. తెల్లటి బల్లగుడ్డలున్న హోటళ్ల వాళ్లకే దక్కే ఆ గౌరవం ఒక బండి మనిషికి రావడం అప్పట్లో వింత.

టాకో తెలివైనదే, రుచైనదే. కానీ బుదే జిగే పక్కన పెడితే దాని వెనకున్న అవసరం తక్కువ, ఎంపిక ఎక్కువ. ఫ్యూజన్ అన్న మాటకు గౌరవం తెచ్చింది టాకో అయితే, ఆ వంటకు దారి వేసింది మాత్రం కస్టమ్స్ వాళ్ల కన్నుగప్పి సాసేజ్ తరిగిన ఒదేంగ్ కొట్టే. మెనూలు మాత్రం ఈ రెంటినీ ఒకే శీర్షిక కింద అచ్చేస్తున్నాయి. అది కాస్త అన్యాయమే.

క్యాంప్ రెడ్‌క్లౌడ్ 2018లో మూతపడింది గానీ, కొరియా రుచులు మాత్రం మన దాకా వచ్చేశాయి. పెనుకొండ దగ్గర కొరియా సంస్థ కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. హైదరాబాద్‌లోనూ కొరియన్ హోటళ్లు తెరుచుకున్నాయి కనుక, ఇక్కడి పాఠకులకు ఒక మాట. బుదే జిగే, జజాంగ్‌మ్యోన్ రెండింట్లోనూ పంది మాంసం వాడటం ఆనవాయితీ. బుదే జిగేలో గొడ్డు మాంసం కూడా ఉండొచ్చు. తినని వాళ్లు ముందే అడగడం మంచిది. బుదే జిగేను చాలాచోట్ల కనీసం ఇద్దరికి సరిపడా ఆర్డర్ ఇస్తేనే వండుతారు. ఒక్కరే వెళ్తే జజాంగ్‌మ్యోన్ చెప్పుకోండి, రాగానే బాగా కలిపి వేడిగా ఉండగానే తినేయండి.