పీజీలో 52 శాతమేనా? పీహెచ్‌డీ దారి మూసుకుపోలేదు

మైలవరం, నూజివీడు తోటల్లో మామిడి కోతలు వేసవిలోనే. కాలేజీ పరీక్షలూ చాలాసార్లు అప్పుడే వస్తాయి. అమ్మానాన్నలతో కూలికి వెళ్లి, సబ్జెక్టులు తప్పి, సప్లిమెంటరీల్లో గట్టెక్కిన పిల్లలు మన వాడల్లో ఉన్నారు. మాలో కొందరం అలా వచ్చినవాళ్లమే. "అన్నా, పీజీలో 52 శాతమే వచ్చింది, పీహెచ్‌డీకి పనికిరాను కదా?" అని అడుగుతుంటారు. పనికొస్తారు.

నిబంధన ఏమంటోంది?

యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు ఉంది. అంటే 50 చాలు. నెట్ రాయడానికీ అంతే. జేఆర్‌ఎఫ్ వయోపరిమితిలోనూ మనకు 5 ఏళ్ల సడలింపు ఉంది.

2024 జూన్ నుంచి జేఆర్‌ఎఫ్ రానివాళ్లూ నెట్ స్కోరుతో పీహెచ్‌డీలో చేరవచ్చు. స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ స్కోరు ఏడాదిపాటు చెల్లుతుంది. ఈ లెక్కలో పాత బ్యాక్‌లాగులకు చోటు లేదు.

విదేశాల్లో పీహెచ్‌డీకి ఎస్సీలకిచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మాత్రం పీజీలో 60 శాతం అడుగుతుంది. కుటుంబ వార్షికాదాయం 8 లక్షలు దాటకూడదు. డిగ్రీలో దెబ్బతిన్నవాళ్లు పీజీలో ఆ 60 మీద గురిపెట్టాలి.

దరఖాస్తు ఎలా బలపడుతుంది?

• సీజీపీఏని శాతంగా మార్చేటప్పుడు మీ యూనివర్సిటీ సూత్రమే వాడండి. దానికి ధ్రువపత్రం తీసుకోండి.

• కుల ధ్రువీకరణ పత్రం ముందే సిద్ధం చేసుకోండి. కేటగిరీ జనరల్ అని నింపితే సడలింపు అందదు.

• తప్పిన సంగతి దాచొద్దు. ఏం జరిగింది, ఎప్పుడు పాసయ్యారు, ఆ తర్వాత మార్కులు ఎలా పెరిగాయి: మూడు నాలుగు వాక్యాలు చాలు. క్షమాపణ చెప్పాల్సిన పనిలేదు.

• తప్పిన సబ్జెక్టులోనే స్వయం, ఎన్‌పీటెల్ కోర్సు చేసి పరీక్ష రాయండి. ఆ సర్టిఫికెట్ మీ తరఫున మాట్లాడుతుంది.

• సిఫారసు లేఖ పేరున్న ప్రొఫెసర్ కన్నా మీ ప్రాజెక్టు దగ్గరుండి చూసిన మాస్టారు రాస్తేనే మేలు.

• పరిశోధన ప్రతిపాదనకు ప్రశ్న మీ ఊళ్లోనే వెతకండి. తోట కౌలు, కోత కూలి, ఆడవాళ్లకిచ్చే రేటు గురించి మీకు తెలిసినంత ఇంటర్వ్యూ బోర్డుకు తెలియదు.

1907లో అంబేద్కర్ మెట్రిక్ పాసయ్యారు. 750కి వచ్చినవి 282 మార్కులు. ఆరేళ్లకు కొలంబియా యూనివర్సిటీలో చేరారు. వెనుక బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ ఉంది. ఇవాళ మన వెనుక ఆయన రాసిన రాజ్యాంగం ఉంది. ఆ 5 శాతం మన హక్కు. వాడుకోకుండా వదలొద్దు.