కీలు కట్టినవాళ్ళు

తెలుగులో ‘కీలుబొమ్మ’ అంటే తిట్టు. సొంత బుర్ర లేనివాడు, ఎవరో ఆడిస్తే ఆడేవాడు అని అర్థం. ఆ మాటలో బొమ్మ మీద చిన్నచూపుంది, ఆడించేవాడి మీద కోపముంది. కీలు కట్టినవాడి ఊసే లేదు.

2015లో బోస్టన్ మ్యూజియం ఆఫ్ సైన్స్‌లో ‘ది సైన్స్ బిహైండ్ పిక్సార్’ ఎగ్జిబిషన్ చూస్తుంటే నాకు ఈ మాటే గుర్తొచ్చింది. యానిమేషన్ సినిమా తీసే పనిని అక్కడ ఎనిమిది భాగాలుగా విప్పి చూపించారు: మోడలింగ్, రిగ్గింగ్, సర్ఫేసెస్, సెట్స్ అండ్ కెమెరాస్, యానిమేషన్, సిమ్యులేషన్, లైటింగ్, రెండరింగ్. ఇందులో రిగ్గింగ్ అంటే అచ్చంగా కీళ్ళు కట్టడమే. చెయ్యి ఎక్కడ వంగాలి, కనుబొమ ఎంత లేవాలి అన్నది తేల్చి, కంప్యూటర్‌లో ఉన్న బొమ్మకి లోపల మీటలు అమర్చడం. ‘టాయ్ స్టోరీ’ (1995)లో వుడీ బొమ్మకి ఇలాంటివి వందల్లో ఉన్నాయి. రిగ్గర్ అమర్చని కదలికని యానిమేటర్ ఎంత గొప్పవాడైనా రప్పించలేడు.

ఈ పని మనకి కొత్తేం కాదు. అనంతపురం వైపు నిమ్మలకుంటలో తోలుబొమ్మలు ఎలా చేస్తారో చూడండి. మేకతోలుని వెలుతురు పారేంత పల్చగా చేస్తారు. తల, మొండెం, చేతులు, కాళ్ళు విడివిడిగా కత్తిరిస్తారు. చిల్లులు పొడిచి, రంగులేసి, దారంతో కీళ్ళు కడతారు. మోడలింగ్, సర్ఫేసెస్, రిగ్గింగ్ అయిపోయినట్టే. తెర వెనక దీపం పెడితే లైటింగ్. తేడా ఒక్కచోటే ఉంది. తోలుబొమ్మ నిజంగానే కదులుతుంది. యానిమేషన్ బొమ్మ ఎప్పుడూ కదలదు. సెకనుకి 24 కదలని బొమ్మలు మన కంటిని నమ్మిస్తాయి, అంతే.

ఈ రెండు కళలూ కలిసిన చోటు లొట్టె రైనిగర్ పని. జర్మనీలో ఆవిడ అట్టలూ పల్చటి సీసపు రేకులూ కత్తిరించి, కీళ్ళు కట్టి, నీడబొమ్మలు చేసింది. కాస్త కదిపి ఒక ఫ్రేమ్, మళ్ళీ కాస్త కదిపి ఇంకో ఫ్రేమ్. అలా దాదాపు మూడేళ్ళు తీస్తే 1926లో ‘ప్రిన్స్ అఖ్మద్’ వచ్చింది. మన దేశంలో ఫాల్కే అంతకుముందే, 1912లో, బఠాణీ మొలక పెరగడాన్ని ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్‌గా పట్టాడు. 1956లో డిస్నీ నుంచి క్లెయిర్ వీక్స్ బొంబాయి వచ్చి ఫిల్మ్స్ డివిజన్ వాళ్ళకి పని నేర్పాడు. మరుసటేడు ‘ది బనియన్ డీర్’ తయారైంది. అదే 1957లో మద్రాసు నుంచి ‘మాయాబజార్’ వచ్చింది. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరెళ్ళే దృశ్యం చూసినప్పుడల్లా కెమెరామన్ మార్కస్ బార్ట్లే పేరు తలుచుకుంటాం.

మరి హైదరాబాద్ స్టూడియోల మాటేమిటి? 2006లో ‘కిట్టు’ వచ్చింది. 2008లో గ్రీన్ గోల్డ్ వాళ్ళ ‘ఛోటా భీమ్’ టీవీలో మొదలైంది. ఇవి కాక, విదేశీ స్టూడియోల కోసం ఇక్కడి కుర్రాళ్ళు రాత్రింబవళ్ళు చేసిన పని ఎంతో. భీమ్ పేరు తెలియని పిల్లలుండరు. ఆ బొమ్మకి ప్రాణం పోసిన పదిమంది పేర్లు చెప్పమంటే మనలో ఎంతమంది చెప్పగలం?

మాది ఖమ్మం పక్కన ముదిగొండ. పొరుగునే నేలకొండపల్లి, గోపన్న పుట్టిన ఊరంటారు. భద్రాద్రి గుడి కట్టించింది ఆయనేనని మా దగ్గర ప్రతి పిల్లాడికీ తెలుసు. రాయి చెక్కినవాళ్ళ గురించి మాకెవరూ చెప్పలేదు. కట్టించినవాళ్ళని గుర్తుపెట్టుకుని కట్టినవాళ్ళని వదిలెయ్యడం మనకి పాత అలవాటే.

బోస్టన్‌లో నాకు బాగా నచ్చింది టెక్నాలజీ కాదు. ఒక్కో పని దగ్గరా ఆ పని చేసినవాళ్ళే వీడియోలో కనబడి, ఏం చేశారో, ఎక్కడ ఇబ్బంది పడ్డారో చెప్పడం. ఇలాంటిది హైదరాబాద్‌లో పెట్టడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. పాత స్కెచ్చులు, పక్కన పడేసిన డిజైన్లు, కొన్ని రిగ్‌లు, పక్కనే నిమ్మలకుంట బొమ్మ ఒకటి, ప్రతిదాని కింద చేసినవాళ్ళ పేరు చాలు. నిమ్మలకుంట దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది, అదీ ముసలితనంలో. తోలు చాలాకాలం నిలుస్తుంది కాబట్టి ఆయన చేసిన బొమ్మలు మిగిలాయి. హార్డ్ డిస్క్‌కి అంత ఆయుష్షుండదు. ఆ స్టూడియోల్లో తొలి రోజుల్లో చేరినవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్ళని అడిగి రాసుకోవాల్సింది ఇప్పుడే.