కర్రి తవ్విన గుంట

మాఘ పౌర్ణమి మర్నాడు. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో, తొట్లకొండ దిగువన మంగమారిపేట దగ్గర కారు ఆపాను. తలుపు తీయగానే నాకంటే ముందు కర్రి దూకింది. నాలుగేళ్ల నాటు కుక్క, నల్లటి ఒళ్లు, 22 కిలోల బరువు.

ఈ తీరం రామకృష్ణా బీచ్‌లా ఉండదు. నీళ్లలోకి చొచ్చుకుపోయిన రాళ్లు, వాటి మీద నాచు, పాదాలు కోసే గుల్లలు, అలలు తొలిచిన రాతి తోరణం. ఆ వేళ మనుషులెవరూ లేరు కదా అని గొలుసు విప్పేశాను. నేను చేసిన తప్పు అదే.

కర్రి రాళ్లు దాటి అవతలి ఇసుక తిన్నె మీదికి పోయింది. అక్కడ ఇసుకలో మూరన్నర వెడల్పున ఒక జాడ. ట్రాక్టరు టైరు నడిచినట్టే ఉంది. నీళ్లలోంచి పైకొచ్చి, మలుపు తిరిగి, మళ్లీ నీళ్లలోకే పోయింది. ఇక్కడికి ట్రాక్టరెలా వచ్చిందా అనుకునేలోపే కర్రి తవ్వడం మొదలెట్టింది.

"కర్రీ! వద్దు!"

వినలేదు. నాచు మీద రెండుసార్లు జారి, మోచెయ్యి చెక్కుకుపోయి, నేను చేరేసరికి గుంటలో తెల్లటి గుడ్లు కనబడుతున్నాయి. పింగ్‌పాంగ్ బంతులంత. పట్టుకుంటే తోలులా మెత్తగా ఉన్నాయి. ఒకటి చితికింది. కర్రి ముట్టె నిండా ఇసుకా, పచ్చసొనా.

"ఏటి బాబూ, కుక్కనలా ఒగ్గీసినావు?" వెనక నుంచి ఒక ముసలి మత్స్యకారుడు. "తాబేలు గుడ్లెట్టిన సోటది. కూర్మనాథుడి బిడ్డలవి."

గొలుసు తగిలిస్తుంటే నా చేతులు వణికాయి. ఆలివ్ రిడ్లే తాబేలు రాత్రి ఒడ్డెక్కి, వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. మళ్లీ వచ్చి చూసుకోదు. 45 నుంచి 60 రోజులు ఇసుక వేడే పొదుగుతుంది. వేడి ఎక్కువైతే ఆడవి, తగ్గితే మగవి పుడతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పులికిచ్చిన రక్షణే దీనికీ ఇచ్చింది. కుక్కకి చట్టం తెలియదు, తెలియాల్సింది నాకు.

తాత ఫోన్ చేశాడు. తాబేలు గుడ్ల పొదుగు కేంద్రం కావలి కుర్రాడు బకెట్టుతో పరుగున వచ్చాడు. పెట్టి కొన్ని గంటలే అయింది కాబట్టి ఇప్పుడే తరలించాలన్నాడు. బకెట్టు అడుగున తడి ఇసుక పరిచి, ఒక్కో గుడ్డునీ పైవైపు కిందికి తిరగకుండా ఎత్తి పెట్టాడు. నేను లెక్కపెట్టాను.

తల ఎత్తి చూస్తే మేం వచ్చిన రాళ్లదారి లేదు.

"పోటు లెగిసిపోనాది. సూస్తారేటి, కదలండి!" అన్నాడు తాత.

బకెట్టు తల మీద పెట్టుకుని కుర్రాడు ముందు, కర్రిని భుజాల మీద వేసుకుని నేను వెనక. నీళ్లు నడుం దాటాయి. ఒక కెరటం వెనక్కి లాగినప్పుడు కాలి కింద రాయి తప్పింది. తాత నా చొక్కా కాలరు పట్టుకున్నాడు. కర్రి గుండె నా చెవి పక్కనే దడదడా కొట్టుకుంటోంది. ఒక్కసారి కూడా గింజుకోలేదు.

పొదుగు కేంద్రంలో కొత్త గుంట తీసి గుడ్లు పూడ్చారు. పుల్లకి అట్టముక్క కట్టి, తేదీ వేసి, కుర్రాడు నా వైపు చూశాడు.

"ఎన్ని సార్?"

"113."

రాశాడు. 114 రాయాల్సింది.