సత్యం బోర్డు దిగిన తర్వాత

మేడ్చల్, శామీర్‌పేట అంటే ఒకప్పుడు ద్రాక్ష తోటలు, పెద్ద చెరువు. తర్వాత కంపెనీలొచ్చాయి. మేడ్చల్ వైపు బహదూర్‌పల్లిలో సత్యం టెక్నాలజీ సెంటర్ వెలిసింది. శామీర్‌పేట మండలం దేవరయాంజాల్లో 108 అంబులెన్సులు నడిపే ఈఎంఆర్ఐ ప్రాంగణం వచ్చింది. రెండింటి వెనకా ఉన్నది సత్యం కంప్యూటర్స్ స్థాపకుడు బైర్రాజు రామలింగరాజే. ఈరోజు ఈ రెండు చోట్లా వేరే పేర్లే ఉన్నాయి.

2009 జనవరి 7న రాజు లెక్కల్లో మోసాన్ని ఒప్పుకుంటూ సత్యం బోర్డుకు లేఖ రాశారు. అంతకుముందు సెప్టెంబరు నాటి లెక్కల్లో నగదు, బ్యాంకు నిల్వలు రూ.5,361 కోట్లుగా చూపితే, అందులో రూ.5,040 కోట్లు అసలు లేవు. ఆ త్రైమాసికంలో నిర్వహణ లాభం రూ.649 కోట్లన్నది కాగితం మీది మాట. నిజంగా వచ్చింది రూ.61 కోట్లు. ఆ ఒక్కరోజే షేరు ధర మూడొంతులకు పైగా కూలిపోయింది. కార్పొరేట్ పాలన బాగుందంటూ నాలుగు నెలల క్రితమే ఇచ్చిన గోల్డెన్ పీకాక్ అవార్డును వెనక్కి తీసుకున్నారు.

ఇలాంటి కంపెనీకి ఏం దారి? గూగుల్‌లో పేరు కొట్టగానే చెడ్డ వార్తలు వస్తుంటే, వాటిని కిందికి తొయ్యడానికి ఇప్పుడు ప్రత్యేకంగా సంస్థలే ఉన్నాయి. కొత్త వెబ్‌సైట్లు తెరుస్తారు, ఇంటర్వ్యూలు వేయిస్తారు, ప్రెస్ నోట్లు కుమ్మరిస్తారు. చాలామంది మొదటి పేజీ దాటి చూడరు కాబట్టి, మచ్చ రెండో పేజీకి పోతే సగం పని అయినట్టే. చిన్న హోటల్‌కో, ఆసుపత్రికో ఈ విద్య పనికొస్తుంది. సత్యం విషయంలో అది కుదిరే పని కాదు. సీబీఐ కేసు, సెబీ ఉత్తర్వులు, అమెరికా కోర్టు పత్రాలు, ప్రపంచ పత్రికలన్నీ ఒకే పేరును పట్టుకుని ఉన్నాయి. అన్ని లింకులున్న పేజీని కదిలించడం ఎవరి తరమూ కాదు.

అందుకే పేరే మార్చారు, కానీ ఒక్కసారిగా కాదు. 2009 ఏప్రిల్లో టెక్ మహీంద్రా షేరుకు రూ.58 చొప్పున వేలం గెలిచింది. జూన్‌లో మహీంద్రా సత్యం అన్న పేరు ప్రకటించింది. పాత పేరును వెంటనే తీసేయకుండా పక్కన తమ పేరు నిలబెట్టడం ధైర్యమైన పని. 2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ మైదానాల్లో ఆ జంట పేరే బోర్డుల మీద కనిపించింది. 2011లో అమెరికా మదుపరులకు 12.5 కోట్ల డాలర్లు, అక్కడి ఎస్ఈసీకి కోటి డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నదీ ఆ పేరుతోనే. లెక్కలు సరిచేశాక, 2013 జూన్‌లో టెక్ మహీంద్రాలో విలీనంతో సత్యం అన్న మాట కనుమరుగైంది. బహదూర్‌పల్లి ప్రాంగణంలో 2014లో ఇంజనీరింగ్ కాలేజీ, 2020లో మహీంద్రా యూనివర్సిటీ వచ్చాయి.

సత్యం ఇంగ్లీషు అక్షరాలు తిరగేసి పేరు పెట్టుకున్న రాజు కుటుంబ సంస్థ మేటాస్‌ది వేరే దారి. మేటాస్ ఇన్‌ఫ్రా చేతులు మారి ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ ఇంజనీరింగ్ అయింది. 2018లో దాన్ని తీసుకున్న ఐఎల్ అండ్ ఎఫ్ఎస్సే అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. కేంద్రం దాని బోర్డును తొలగించి కొత్తవాళ్లను కూర్చోబెట్టింది. అరువు తెచ్చుకున్న మంచి పేరు పదేళ్లు కూడా నిలవలేదు.

ఈ కథలో ఎవరూ తలుచుకోని ముక్క ఇంకోటుంది. 1999 నవంబరులో సత్యం ఇంటర్నెట్ శాఖ సత్యం ఇన్ఫోవే రూ.499 కోట్లకు ఇండియావరల్డ్‌ను కొనడానికి ఒప్పందం చేసుకుంది. ఆ మూటలో ఖోజ్ అనే దేశీ సెర్చ్ సైటు ఉంది. అంటే వెతుకులాట వ్యాపారంలోకి ఈ సంస్థ ముందే అడుగుపెట్టింది. తర్వాత సత్యం ఇన్ఫోవే సిఫీ అయింది, 2005లో సత్యం తన వాటా అమ్మేసుకుంది. కుంభకోణం బయటపడేనాటికి ఆ శాఖ దూరంగా, క్షేమంగా ఉంది.

పేరు మార్పు వ్యాపారానికి మేలే చేసింది, వేల ఉద్యోగాలు నిలిచాయి. ఊరి చరిత్రకు మాత్రం నష్టం జరిగింది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ 2009 తర్వాత జీవీకే ఈఎంఆర్ఐ అయింది, ఇప్పుడు ఈఎంఆర్ఐ గ్రీన్ హెల్త్ సర్వీసెస్. దేవరయాంజాల్ ప్రాంగణం గురించి వెతికేవాళ్లకు ముందు కనబడేది కొత్త పేరే. మోసంతో పాటు మంచి పనికి మూలం ఎక్కడో కూడా అడుగుకు పోయింది. మేడ్చల్ చరిత్ర రాసేవాళ్లు రెండింటినీ ఒకే పుటలో పెట్టాలి.

పాత పేరు వెంటాడటం మాత్రం ఆగలేదు. 2015 ఏప్రిల్లో ప్రత్యేక కోర్టు రాజుకు ఏడేళ్ల జైలు శిక్ష వేసింది. నెల దాటగానే అప్పీలుపై శిక్ష అమలు నిలిచింది. 2020లో తన కథ కూడా ఉన్న నెట్‌ఫ్లిక్స్ డాక్యుమెంటరీ సిరీస్‌పై ఆయన హైదరాబాద్ సివిల్ కోర్టుకెళ్లి స్టే తెచ్చుకున్నారు. ఆ అక్టోబరులో సిరీస్ ఆయన భాగం లేకుండా విడుదలైంది. అడ్డుకున్నారన్న వార్త దేశమంతా పాకి, పదకొండేళ్ల నాటి లేఖ మళ్లీ మొదటి పేజీకి వచ్చింది.