చుట్టమని చెప్పిన ఇల్లు

లండన్‌కు వచ్చిన కొత్తలో ఓ ఫ్లాట్‌లో అద్దెకు దిగాను. రసీదు లేదు, కాగితం లేదు. "ఎవరైనా తలుపు తడితే మా చుట్టానివని చెప్పు" అన్నాడు తాళంచెవి ఇచ్చినతను. అది కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ సంస్థ) ఇల్లని, అతను దాన్ని అద్దెకివ్వకూడదని తర్వాత తెలిసింది.

మన దగ్గర ఇందిరమ్మ ఇల్లు వచ్చిందంటే అది ఆ కుటుంబానిదే. ఇక్కడ కౌన్సిల్ ఇల్లు కౌన్సిల్‌దే. కుటుంబానికి దక్కేది తక్కువ అద్దెకు, చాలామందికి జీవితాంతం, అందులో ఉండే హక్కు మాత్రమే. తూర్పు లండన్‌లో 1900లో ప్రారంభమైన బౌండరీ ఎస్టేట్ ఇలాంటి తొలి కాలనీల్లో ఒకటి. దాని నడుమ ఉన్న దిబ్బ, అక్కడ కూల్చేసిన మురికివాడ శిథిలాలతో పోసిందే. ఆ వాడ నుంచి 5,700 మందికి పైగా కదిలిపోతే, కొత్త మేడల్లో చోటు దొరికింది 11 మందికి. పేదల పేర కట్టిన ఇంట్లో ఎవరుంటున్నారన్న ప్రశ్న అప్పటి నుంచీ ఉన్నదే.

1919 నాటి అడిసన్ చట్టంతో ప్రభుత్వ సాయం అంది, కౌన్సిళ్లు పెద్ద ఎత్తున ఇళ్లు కట్టాయి. 1980లో ప్రధాని థాచర్ ప్రభుత్వం, అద్దెకున్నవాళ్లే వాటిని తగ్గింపు ధరకు కొనుక్కోవచ్చంది. లక్షల ఇళ్లు అలా అమ్ముడుపోయాయి, వాటి బదులు కట్టినవి తక్కువ. నేడు ఇంగ్లండ్‌లో దాదాపు 13 లక్షల కుటుంబాలు ఇంటి కోసం వరుసలో ఉన్నాయి.

ఇంత కరువులో దొంగ బేరం పుట్టకుండా ఉంటుందా? ఇల్లు మొత్తం ఎక్కువ అద్దెకిచ్చి తేడా జేబులో వేసుకునేవారు కొందరు. చనిపోయిన అద్దెదారుతో కలిసి ఉండేవాళ్లమని అబద్ధం చెప్పి ఆ ఇంటిని దక్కించుకునేవారు ఇంకొందరు. ఇలాంటి ఇళ్లు ఇంగ్లండ్‌లో 98,000 దాకా ఉంటాయని 2012లో ఆడిట్ కమిషన్ అంచనా వేసింది. అప్పటిదాకా ఇల్లు అద్దెకిచ్చి పట్టుబడినా చాలావరకు ఇల్లు పోవడంతో సరి. 2013 చట్టం అలా అద్దెకివ్వడాన్ని నేరం చేసింది. మోసానికి రెండేళ్ల దాకా జైలు, పైగా తిన్న లాభాన్ని కోర్టు కక్కించవచ్చు.

పట్టుకునే పని ముందు కాగితాల మీద మొదలవుతుంది. 1996 నుంచి నడుస్తున్న నేషనల్ ఫ్రాడ్ ఇనీషియేటివ్, ఊరూరి జాబితాలను పక్కపక్కన పెట్టి చూస్తుంది: ఒకే పేరు రెండు కౌన్సిళ్లలో ఉందా, అద్దెదారు మరణాల జాబితాలో ఉన్నాడా అని. అనుమానం వస్తే బ్యాంకునూ కరెంటు కంపెనీనీ వివరాలడిగే అధికారం కౌన్సిళ్లకు ఆ 2013 చట్టమే ఇచ్చింది. ఆ తర్వాత అధికారి వచ్చి తలుపు తడతాడు. కొన్ని కౌన్సిళ్లు గడువు పెట్టి, ఆలోగా తాళాలు తెచ్చిస్తే కేసు పెట్టబోమంటాయి. నాకు నచ్చిన పద్ధతి ఇదే. కోర్టు చుట్టూ తిరక్కుండానే ఇల్లు వరుసలో ఉన్నవాళ్లకు చేరుతుంది.

చదువుకోడానికి వస్తున్న మన పిల్లలకు ఒక్క మాట. రసీదు ఇవ్వననేవాళ్ల ఇంట్లో దిగొద్దు. తలుపు తట్టిన రోజున మీకు నిలబడే హక్కుండదు. అంతకంటే ముఖ్యం, ఇంగ్లండ్‌లో లక్షకు పైగా కుటుంబాలు తాత్కాలిక వసతుల్లో ఉన్నాయి. ఒకే హోటల్ గదిలో పిల్లలతో వండుకుని, పడుకుని, రోజులు లెక్కపెట్టేవాళ్లు వాళ్లలో ఉన్నారు. నేను చుట్టమని అబద్ధం చెప్పడానికి సిద్ధపడిన ఆ ఇల్లు వాళ్లలో ఒకరిది.