పాత జీపు, బోలు రివెట్టు

పాత సైనిక వాహనాలను మళ్ళీ నడిపించాలనే సరదా మన రిటైరైన వాళ్ళలో బాగానే ఉంది. ఇంజన్ భాగాలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. పని ఆగిపోయేది బ్రేక్ షూ దగ్గర, చిటికెన వేలి గోరంత బోలు రివెట్టు కోసం! ఈఎంఈలో వెహికల్ మెకానిక్‌గా చేసినవాణ్ణి కనుక దాని చరిత్ర నాలుగు మాటలు రాస్తాను.

1897లో ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన బ్రేక్ లైనింగు తయారీ మొదలుపెట్టాడు. కొండ దిగే బండివాళ్ళు బ్రేకు దిమ్మెకి పాత బూటు తోలు కొట్టుకోవడం చూసి ఆ ఆలోచన వచ్చిందంటారు. ఫెరోడో కంపెనీ ఆయనదే. లైనింగును ఇనప షూకి బిగించాలంటే గట్టి రివెట్టు పనికిరాదు, సుత్తి దెబ్బకి లైనింగు పగులుతుంది. బోలు రివెట్టుకి అంత దెబ్బ అక్కర్లేదు. గొట్టం అంచు విచ్చుకుని వెనక్కి చుట్టుకుంటుంది. పైగా ఇత్తడి మెత్తన, లైనింగు అరిగిపోయినా డ్రమ్ము తొందరగా గీతలు పడదు.

1941 నుంచి 1945 వరకు అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. 1947లో బొంబాయిలో మహీంద్రా వారు జీపుల బిగింపు మొదలుపెట్టారు. అవన్నీ అంగుళాల లెక్క. 1959లో జబల్పూరులో జర్మన్ లైసెన్సుతో శక్తిమాన్ వచ్చింది, తర్వాత జపాన్ నమూనా మీద జోంగా, నిస్సాన్. ఇవి మిల్లీమీటర్ల లెక్క. జర్మన్ వాళ్ళకి బ్రేకు, క్లచ్ రివెట్లకే డిన్ 7338 అని విడిగా ప్రమాణం ఉంది.

తంటా అంతా ఇక్కడే. 3/16 అంగుళం అంటే 4.76 మి.మీ. ఆ రంధ్రంలో 5 మి.మీ. రివెట్టు దూరదు. దూరకపోతే కొందరు షూ రంధ్రమే పెద్దది చేసేస్తారు. డిస్పోజల్‌లో కొన్న ఒక జీపుకి ఏదో గ్యారేజీలో అల్యూమినియం పాప్ రివెట్లు కొట్టి పంపారు, నా కళ్ళతో చూశాను. రేకు డబ్బాకి కొట్టేది బ్రేకుకి కొడితే ప్రాణానికి ఎవడు జవాబుదారీ?

పాత రివెట్టును తల వైపు నుంచి డ్రిల్ చేసి తియ్యండి, ఉలితో తెంచొద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. తడిపి తుడవాలి గానీ గాలి కొట్టకూడదు. కొత్తవి మధ్య నుంచి మొదలుపెట్టి చివరలకు వెళ్ళాలి. తల లైనింగు మట్టానికి లోపలే ఉండాలి. అయ్యాక లైనింగుకీ షూకీ మధ్య ఫీలర్ గేజ్ దూరకూడదు.

సెట్టింగ్ పంచ్ బజార్లో దొరక్కపోతే చేయించుకోవచ్చు. మా ఉస్తాద్ పాత ఇంజన్ వాల్వు కాడ కోసి, కొనకి చిన్న ముక్కు, చుట్టూ వంపు గాడి తీయించేవాడు. కింద తలకి సరిపడా డాలీ. ఢిల్లీ కాశ్మీరీ గేటు, సికింద్రాబాద్ రాణీగంజ్ లాంటి చోట్లకి వెళ్ళేటప్పుడు పాత రివెట్టు, వెర్నియర్ జేబులో ఉంచుకోండి. ఆ తరహా పంచ్‌లు మూడు సైజులవి నా దగ్గర ఉన్నాయి. మన సభ్యులెవరికైనా పనిపడితే ఇస్తాను, తిరిగి ఇచ్చేయాలి మరి.