చెరువుకట్ట, కోటగోడ: సీమ దారిలో కాల్పనిక కవిత్వం

తెలుగులో కాల్పనిక కవిత్వం ఎవరితో మొదలైందంటే, బడిలో తెలుగు చదివిన వాళ్లంతా రాయప్రోలు సుబ్బారావు పేరే చెబుతారు. తృణకంకణం, ఆ వెనక కృష్ణశాస్త్రి కృష్ణపక్షం, నండూరి ఎంకి పాటలు, తెనాలిలో శివశంకరశాస్త్రి సాహితీ సమితి, వెన్నెల, విరహం, గిరజాల జుట్టు. కథంతా కృష్ణా గోదావరుల ఒడ్డున నడిచి అక్కడే ముగుస్తుంది. చిత్తూరు, తిరుపతి పేర్లు దారిలో ఎక్కడా తగలవు. ఈ చరిత్రను దక్షిణం వైపు నుంచి కూడా చెప్పవచ్చు. అలా చెబితే మొదటి తేదీ మారుతుంది, కవిత్వం రంగూ మారుతుంది.

ఆ తేదీ 1899. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఆంధ్రభాషాభిరంజని సమాజం కావ్యరచనకు పోటీ పెట్టింది. బహుమతి కొట్టేసిన విద్యార్థికి అప్పటికి ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. చిత్తూరును ఆనుకుని ఉన్న కట్టమంచి ఆయన ఊరు. అప్పటికి చిత్తూరు జిల్లా అనేదే లేదు. ఆ పట్నం ఉత్తర ఆర్కాటుకు ముఖ్యస్థలం. 1911లో అటు ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, ఇటు కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు తెచ్చి కలిపి కొత్త జిల్లా చేశారు. కట్టమంచి రామలింగారెడ్డి గారి ఆ కావ్యం ముసలమ్మ మరణము. పేరులోనే చావు ఉంది. మంగళంతో మొదలై మంగళంతో ముగియాలనే మన కావ్య సంప్రదాయానికి అట్ట మీదే ఎదురు తిరిగిన పుస్తకమది.

కథ అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువుది. వానలు తెగబడి కట్టకు గండి పడుతుంది. బసిరెడ్డి కోడలు ముసలమ్మను బలిస్తేనే ఊరు నిలుస్తుందని దేవత పలుకు వినిపిస్తుంది. ఆ కోడలు అందరి దగ్గరా సెలవు తీసుకుని గండిలోకి నడిచిపోతుంది. బ్రౌన్ దొర వెలుగులోకి తెచ్చిన అనంతపురం చరిత్రలో ఉన్న ముచ్చట ఇది. రాజు లేడు, స్వయంవరం లేదు, అష్టాదశ వర్ణనల ఊరేగింపు లేదు. ఒక రెడ్డి ఇంటి కోడలు, ఒక చెరువు, ఒక వాన రాత్రి. పద్యాలు మాత్రం పాత ఛందస్సులోనే నడిచాయి.

రాయలసీమ బయటి పాఠకుడికి ఈ కథలో దేవత పలుకే ముఖ్యంగా కనిపించవచ్చు. ఇక్కడి వాళ్లకు ముఖ్యమైనది కట్ట. ఏడాదంతా ఎండి పగుళ్లిచ్చే చెరువు ఒక్క తుపానుకు నిండుతుంది. తూములు ఎత్తాలి, మరవ పారాలి. మరవ మోయలేనంత నీరు వస్తే కట్ట ఎక్కడో ఒకచోట ఉబ్బి చెమ్మ కక్కుతుంది. ఆ చెమ్మే గండికి మొదలు. 2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గర రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట నుంచి నీరు కారడం మొదలైనప్పుడు, కింది ఊళ్లను ఖాళీ చేయించి ఇసుక మూటలు పేర్చారు. ఆ నాలుగు రోజులు టీవీ ముందు కూర్చున్న వాళ్లకు ముసలమ్మ కథ ఎందుకు పుట్టిందో విమర్శకుడు విడమరచి చెప్పనక్కర్లేదు. రొమాంటిక్ కవులు ప్రకృతిని ఆరాధించారంటారు. మా వైపు ప్రకృతి ఆరాధనకు ముందు భయం ఉంటుంది.

ఈ కాల్పనిక ధోరణి మూలానికి వెళ్లాలంటే ఇంకో అర్ధ శతాబ్దం వెనక్కి, సముద్రాలు దాటి పోవాలి. ఇంగ్లండులో వర్డ్స్‌వర్త్, కోలరిడ్జ్ మొదలుపెట్టిన గాలి అమెరికాకు ఆలస్యంగా చేరింది. అర్వింగ్ 1819లో రిప్ వాన్ వింకిల్‌ను హడ్సన్ నది పక్క కొండల్లో నిద్రపుచ్చాడు. కూపర్ 1826లో మోహికన్ల నవల రాశాడు. ఎమర్సన్ 1836లో ప్రకృతి మీద చిన్న పుస్తకం వేశాక ఆ గాలి తుపానైంది. 1850 నుంచి 55 వరకు ఐదారేళ్లలో హాథార్న్ స్కార్లెట్ లెటర్, మెల్విల్ మోబీ డిక్, థోరో వాల్డెన్, విట్మన్ లీవ్స్ ఆఫ్ గ్రాస్ వరుసగా వచ్చిపడ్డాయి. ఏ భాషకైనా అలాంటి అరడజను సంవత్సరాలు నూరేళ్లకు ఒకసారి దొరికితే గొప్ప. పో 1849లోనే పోయాడు. ఎమిలీ డికిన్సన్ కవితలు ఆమె బతికుండగా దాదాపు అచ్చెక్కనే లేదు.

వీళ్లందరికీ ఒక కొరత ఉండేది. 1860లో మార్బుల్ ఫాన్ నవల ముందుమాటలో హాథార్న్ దాన్ని బాహాటంగానే ఒప్పుకున్నాడు: మా దేశంలో పాతకోటలు లేవు, శిథిలాలు లేవు, నీడలు లేవు, రొమాన్స్ రాయడం ఎలా అని. శిథిలాలు లేక వాళ్లు అడవిలోకి, సముద్రంలోకి, మనిషి మనసులోని చీకట్లోకి వెళ్లారు. సీమ కవికి ఆ బాధ లేదు. పెనుగొండ, చంద్రగిరి, హంపి, గుర్రంకొండ, ఎటు నడిచినా కూలిన గోడ కాలికి తగులుతుంది.

హాథార్న్‌ను, కట్టమంచి వారిని పక్కపక్కన పెట్టి చదివితే ఇంకొకటి కనిపిస్తుంది. స్కార్లెట్ లెటర్‌లోనూ ఊరు ఒక ఆడమనిషిని బలి కోరుతుంది. రచయిత ఆ ఊరిని బోనులో నిలబెట్టాడు. 1692 సేలం మంత్రగత్తెల విచారణలో న్యాయాధికారిగా కూర్చున్న వాళ్లలో హాథార్న్ పూర్వీకుడే ఒకడున్నాడు, ఆ బరువు ఆయన్ను వదల్లేదు. ముసలమ్మ మరణము ఊరిని ప్రశ్నించదు. త్యాగాన్ని ఆకాశానికెత్తి చేతులు జోడిస్తుంది. పాత కావ్యమర్యాదను అంత తెగువతో కాదన్న యువకుడు ఈ ఒక్కచోట ఎందుకు తలవంచాడో నాకు మింగుడుపడదు. కావ్యంలోని అందమంతా ఆమె సెలవు తీసుకునే ఘట్టంలో ఉండటం కొంత కారణం కావచ్చు. కన్నీరు పెట్టించే కవికి నిలదీసే తీరిక ఉండదు.

మద్రాసు బీచిలో ఐస్ హౌస్ అనే గుండ్రటి గోడల మేడ ఉంది. బోస్టన్ వర్తకుడు ట్యూడర్ ఓడల్లో తెచ్చిన మంచుగడ్డల్ని దాచడానికి 1842లో కట్టింది. 1846-47 చలికాలంలో ట్యూడర్ కూలీలు వాల్డెన్ చెరువులోనూ మంచు కోశారు. పక్కనే గుడిసెలో ఉంటున్న థోరో అది చూసి, మద్రాసు, బొంబాయి, కలకత్తా జనం నా బావి నీళ్లు తాగుతారు కదా అని మురిసి, తాను పొద్దున్నే చదివే భగవద్గీతను, గంగనూ అక్కడే తలుచుకున్నాడు. అమెరికా రొమాంటిసిజానికీ మద్రాసు రాజధానికీ మధ్య పుస్తకాల కంటే ముందు మంచుగడ్డ రాకపోకలు సాగించింది. పొట్టు కప్పి నాలుగు నెలలు ఓడలో తెచ్చిన సరుకు!

రామలింగారెడ్డి గారు తర్వాత కేంబ్రిడ్జిలో చదివారు, అమెరికా చూసి వచ్చారు, బరోడాలో, మైసూరులో పాఠాలు చెప్పారు. కవిత్వం దాదాపు మానుకున్నారు. 1914లో వచ్చిన కవిత్వతత్త్వవిచారము మాత్రం ఆ మానుకోవడానికి పరిహారం కట్టింది. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని ముందు పెట్టుకుని, అలంకారాల పోగు కవిత్వం కాదు, భావనాశక్తి ఉండాలి, పాత్రలు మనుషుల్లా ఉండాలి అని వాదించారు. కోలరిడ్జ్ మాట తెలుగు ప్రబంధం మీద పరీక్షకు దిగింది. పండితులు మండిపడ్డారు. కాళూరి వ్యాసమూర్తి గారు ఖండిస్తూ ఏకంగా పుస్తకమే రాశారు. మొన్నటిదాకా తిట్టుకునే విషయం శ్లేషలూ యతిప్రాసలే. ఇప్పుడు కవిత్వం అంటే ఏమిటన్న దాని మీద తగువు పెట్టుకోవడం తెలుగువాళ్లు నేర్చుకున్నారు.

కొత్త జిల్లాలో కలిసిన మదనపల్లెలో 1915లో అనీబిసెంట్ దివ్యజ్ఞాన కళాశాల పెట్టారు. దివ్యజ్ఞాన సమాజం 1875లో న్యూయార్కులో పుట్టినది. ఎమర్సన్ ఉపనిషత్తుల మీద పెంచిన మోజు లేకుంటే న్యూయార్కులో దానికి అంత సులువుగా వేరు దొరికేది కాదు. ఈ కాలేజీకి ఐర్లండ్ కవి జేమ్స్ కజిన్స్ వచ్చి పడ్డాడు. 1916 డబ్లిన్ తిరుగుబాటును మెచ్చుకుంటూ న్యూ ఇండియా పత్రికలో రాసినందుకు అక్కడి ఉద్యోగం పోగా, బిసెంట్ ఆయన్ను మదనపల్లెకు పంపారు. ఇంగ్లీషు సాహిత్యంలో కొత్త దారుల మీద కజిన్స్ రాసిన పుస్తకం 1917లో మద్రాసులో అచ్చయింది. దాన్ని సమీక్షించబోయి పాండిచ్చేరిలో అరవిందులు ఆర్య పత్రికలో ఏళ్ల తరబడి భావికవిత మీద వ్యాసాలు రాశారు. అందులో విట్మన్‌కు పెద్దపీట. విట్మన్ మీద ఇండియాలో జరిగిన తొలి గట్టి ఆలోచనల్లో ఒకటి ఇలా చిత్తూరు జిల్లా కాలేజీ గదిలోంచి కదిలింది. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ వచ్చి ఆ కాలేజీలోనే జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారు, జేమ్స్ భార్య మార్గరెట్ కజిన్స్ స్వరం రాసిపెట్టారు. అది అందరికీ తెలుసు, ఊళ్లో చెప్పుకుంటారు. పాండిచ్చేరి కబురు మాత్రం ఎవరూ ఎత్తరు.

ఇంత జరిగినా మదనపల్లె నుంచి భావకవుల దండు బయల్దేరలేదు. సీమలో ఆధునిక సాహిత్యం ఆలస్యమవడాన్ని అదే ఊళ్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారు ఒక పుస్తకమంతా పరిశీలించారు. కరువులు, పాళెగాళ్ల వారసత్వం, ఆలస్యంగా ఎదిగిన మధ్యతరగతి: ఇవన్నీ ఉన్నచోట విరహానికి తీరిక తక్కువ. కాల్పనికత ఇక్కడ ప్రేయసిని కాకుండా గతాన్ని వెతుక్కుంది.

రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారే చూడండి. అనంతపురం జిల్లా మనిషి. 1912లో మైసూరు మహారాజా కాలేజీలో తెలుగు పండితుడిగా ఆయన్ను చేర్పించింది కట్టమంచి వారే. మొదట్లో మీరాబాయి వంటి కావ్యాలు రాసి, తర్వాత హాలుడి గాథాసప్తశతిని తెలుగు చేశారు. రెండు వేల ఏళ్ల నాటి పల్లెటూరి ప్రేమకథలవి. చివరికి తిరుపతి చేరారు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు పరిష్కరిస్తూ 1950లో అర్ధాంతరంగా వదిలిపోయిన అన్నమయ్య రాగిరేకుల పని అందుకుని, రాగం పేరు మాత్రమే మిగిలిన వందకు పైగా కీర్తనలకు స్వరాలు కట్టారు. 1979లో దేవస్థానం ఆస్థాన విద్వాంసుడిగా గౌరవించిన రోజే పోయారు. పోయినదాన్ని తవ్వి మళ్లీ నోటికి అందించడం రొమాంటిక్ పని కాదని ఎవరంటారు?

పుట్టపర్తి నారాయణాచార్యులు గారిది ఇంకా తిన్నని దారి. పెనుగొండలో పెరిగారు, పిట్ దొరసాని దగ్గర ఇంగ్లీషు సాహిత్యం చదివారు. పదిహేనేళ్లు నిండకముందే కూలిన కోటను చూసి పెనుగొండ లక్ష్మి రాశారు. తిరుపతి ప్రాచ్య కళాశాలలో చదివి విద్వాన్ పరీక్షకు కూర్చుంటే, తన కావ్యమే తనకు పాఠ్యగ్రంథం! 1565 తర్వాత విజయనగరానికి రాజధానులైన పెనుగొండ, చంద్రగిరి రెండూ ఆయన నడిచిన నేలే. కర్ర వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపిన చంద్రగిరి రాజమహల్ ఈ రోజుకీ నిలబడి ఉంది. హాథార్న్ ఆ మేడ కింద ఒక్క సాయంత్రం నిలబడి ఉంటే ఆ ముందుమాట రాసి ఉండడు.

తీరంలో భావకవిత్వం మీద 1928లోనే అక్కిరాజు ఉమాకాంతం గారు కత్తి కట్టారు, 1930లలో శ్రీశ్రీ వచ్చి దాన్ని పక్కకు నెట్టారు. సీమలో ఆ తెగతెంపులు అంత గట్టిగా జరగలేదు. విద్వాన్ విశ్వం గారు కమ్యూనిస్టు, జైలుకు పోయివచ్చిన మనిషి. 1950ల నడుమ ఆయన పెన్నేటి పాట రాసినప్పుడు, రాయల వైభవాన్ని తలుచుకునే గొంతుతోనే రంగడు, గంగమ్మల ఆకలిని పాడారు. పెనుగొండ లక్ష్మిలో కోట కోసం ఏడ్చిన కవిత్వమే ఇరవై ముప్పై ఏళ్లలో నీళ్లు లేని ఏటి కోసం, ఆ ఏటి ఒడ్డున కూడు లేని మనుషుల కోసం ఏడ్చింది. దాన్ని భావకవిత్వంలో చేర్చాలా, అభ్యుదయంలో చేర్చాలా అని విమర్శకులు ఇప్పటికీ తేల్చుకోలేదు.